థాంక్స్‌గివింగ్ మర్నాటి మౌనం

నా చివరి పోస్టింగ్ వాషింగ్టన్‌లో. కోవిడ్ సద్దుమణిగి ఆఫీసులు మళ్ళీ తెరుచుకుంటున్న ఏడాది, సెప్టెంబర్ మొదటి సోమవారం నాడు విధుల్లో చేరాలని నియామకపత్రంలో ఉంది. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని వేళకంటే ముందే వెళ్ళాను. తలుపుకి తాళం. ఆ రోజు లేబర్ డే అనీ, దేశమంతా సెలవనీ ఆ కాగితం మీద సంతకం పెట్టినాయనకి తట్టలేదు. జెనీవా నుంచి అప్పుడే దిగిన నాకూ తెలియదు. సెక్యూరిటీ గార్డు నన్ను ఎగాదిగా చూసి, అంత ఉత్సాహం ఉంటే రేపు రమ్మన్నాడు. అంతర్జాతీయ సంస్థల్లో క్యాలెండర్‌ని మించిన శాసనం లేదన్న సంగతి నాకు ఆ గుమ్మంలోనే అర్థం కావలసింది. కాలేదు.

నేను చేరింది కొన్ని ఆఫ్రికా దేశాలూ, కొన్ని ధనిక దేశాలూ కలిసి తాగునీటి పథకాల కోసం పెట్టుకున్న ఒక వేదికలో. పేరు చెప్పను. చెప్పినా ఆ పొడుగుకి ఎవరికీ గుర్తుండదు. నా హోదా సీనియర్ డ్రాఫ్టింగ్ ఆఫీసర్. దేశాలు ఒప్పుకున్న మాటల్నీ ఒప్పుకోని మాటల్నీ ఒకే కాగితం మీదికి తెచ్చి, చివరికి అందరూ ఒప్పుకున్నట్టు కనిపించే వాక్యం తయారుచేయడం నా పని. మేముండే వాషింగ్టన్ శివారు హెర్న్‌డన్‌లో ఈ ఉద్యోగాన్ని వివరించడం కష్టంగా ఉండేది. వీధిలో తెలుగువాళ్ళంతా సాఫ్ట్‌వేర్. పుట్టినరోజు పార్టీల్లో కుర్రాళ్ళెవరైనా మీరేం చేస్తారంకుల్ అని అడిగితే, వాక్యాలు రాస్తానని చెప్పేవాణ్ణి. ఓ, కంటెంట్ రైటింగా, అని జాలిగా నా ప్లేటులో ఇంకో సమోసా వేసేవారు.

ఆ వాక్యాల సంగతి కొంచెం చెప్పాలి. మా వేదికలో 'దాత' అన్న మాట నిషిద్ధం. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ అందరూ 'భాగస్వాములే'. కాకపోతే ఒక రకం భాగస్వాములు సమావేశాలకి కాఫీ తాగుతూ ఆలస్యంగా వచ్చేవారు, రెండో రకం భాగస్వాములు ముందే వచ్చి కూర్చునేవారు. కొత్తగా చేరినవాళ్ళు కూడా ఎవరు ఎవరో తేలిగ్గా పోల్చుకోగలిగేవారు. ఏ మాట మీదైనా ఒక దేశానికి అభ్యంతరం ఉంటే, ఆ మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టాలి. అందరూ ఒప్పుకునేదాకా అది ఆ బ్రాకెట్లలోనే ఉంటుంది. కొన్ని మాటలు అందులోనే ముసలివైపోయేవి.

చివరి పాఠాన్ని, అంటే ఒప్పంద పత్రం తుది రూపాన్ని, ఆమోదించే పద్ధతి పేరు సైలెన్స్ ప్రొసీజర్. అధ్యక్షస్థానంలో ఉన్న దేశం పాఠాన్ని అందరికీ ఈమెయిల్‌లో పంపుతుంది. ఐదు పనిదినాల గడువు. ఈలోగా ఏ దేశమైనా తన అధికారిక ఈమెయిల్ నుంచి అభ్యంతరం రాసి పంపితే మౌనం భగ్నమైనట్టు, పాఠం మళ్ళీ చర్చకి వెళ్తుంది. గడువు నాటి మధ్యాహ్నం పన్నెండు దాకా ఎవరూ ఏమీ అనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. పనిదినాలంటే ఆతిథ్య దేశపు పనిదినాలు. అంటే అమెరికా ప్రభుత్వ సెలవులు తప్ప మిగతావన్నీ లెక్కలోకి వస్తాయి. ఈ నిబంధన రాసింది ధనిక భాగస్వాములే. ఇన్ని దేశాల పండుగలు పట్టించుకుంటూ పోతే పని ఎప్పటికి తెమలాలని వాళ్ళ వాదన. వాళ్ళు చెప్పిందీ సబబే అనిపించేలా నేనే దాన్ని మంచి ఇంగ్లీషులో పెట్టాను.

ఇక ఎస్తేర్ గారి గురించి. తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశానికి ఇక్కడి ఎంబసీలో ఆమె అభివృద్ధి వ్యవహారాల కౌన్సిలర్. ఎంబసీ హోదాల్లో కౌన్సిలర్ అంటే రాయబారికి రెండు మెట్లు కింద, పని విషయంలో మాత్రం చాలా మెట్లు పైన. దౌత్యంలోకి రాకముందు నీటి శాఖలో ఇంజినీరు. పొడగరి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వేదికలో ఆమెకి ఒకే ఒక కోరిక ఉండేది. అది ఒక వాక్యం: కొత్త చేతిపంపులు బిగించే ముందు, పాడైపోయిన పంపుల మరమ్మతుకీ విడిభాగాలకీ భాగస్వాములు నిధులివ్వాలి.

ఇందులో తప్పు పట్టడానికి ఏముందని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ మరమ్మతుకి రిబ్బన్ కత్తిరింపు ఉండదు. వాషర్ మార్చిన పంపు పక్కన నిలబడి ఏ మంత్రీ ఫొటో దిగడు. పైగా ఒక్కో ధనిక దేశం తన దేశంలో తయారైన పంపే బిగిస్తుంది, ఒకదాని భాగం ఇంకోదానికి పట్టదు. ఎస్తేర్ గారి తల్లి ఉండే ఊళ్ళో మూడు పంపులున్నాయట. మూడు దేశాలవి, మూడూ చెడిపోయాయి. ఇచ్చిన దేశాల పేర్లు చెక్కిన పలకలు మాత్రం మెరుస్తున్నాయని ఆమె ఒకసారి సమావేశంలో చెప్పింది. పంపుల చుట్టూ పోసిన సిమెంటు గట్టు మీద వాళ్ళమ్మ మొక్కజొన్న ఆరబోసుకుంటోందట. ఇది విని ఒక ప్రతినిధి, మౌలిక సదుపాయాల బహుళ వినియోగానికి ఇది చక్కని ఉదాహరణ అని మెచ్చుకున్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. నేను దాన్ని నివేదికలోకి కూడా ఎక్కించాను.

ఆ జిల్లా కేంద్రంలో ఆమె హయాంలోనే మొదలైన ఒక మరమ్మతు షెడ్డు ఉంది. ఊళ్ళ నుంచి ఆడవాళ్ళూ మగవాళ్ళూ వచ్చి పంపు విప్పడం, బిగించడం నేర్చుకున్న చోటు. ప్రయోగాత్మక పథకం కింద వచ్చిన నిధులు నేను చెప్పబోతున్న ఏడాది డిసెంబరుతో అయిపోతాయి. తన వాక్యం పాఠంలోకి ఎక్కితే షెడ్డుకి తరువాతి నిధులు, లేకపోతే తాళం. ఆమె పట్టుదల అంతా దాని కోసమే. తాళం పడ్డాక మెకానిక్కులు పట్నం పోతే మళ్ళీ రారని నాతో ఒకసారి అంది. అప్పుడు మాత్రం ఆమె గొంతులో కోపం విన్నాను.

ఆ వాక్యం అంతకుముందే ఒకసారి ఓడిపోయింది. అప్పుడు అధ్యక్షత ధనిక దేశాలది. వాళ్ళ బృందనాయకుడి పేరు ఫిలిప్ అనుకుందాం. మర్యాదస్తుడు, ఎదుటివాళ్ళ పిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకునే రకం. ఆయన పంపిన పాఠంలో ఎస్తేర్ గారి వాక్యం బ్రాకెట్లతో సహా మాయమైంది. గడువు ముగిసే రోజు సరిగ్గా ఆమె దేశపు స్వాతంత్ర్య దినోత్సవం. అమెరికాకి అది మామూలు బుధవారం. ఎంబసీలో పొద్దుటి నుంచీ విందు ఏర్పాట్లు, పగలంతా అతిథులు. గుమ్మంలో నిలబడి స్వాగతం పలికే పని ఆమెది. గడువు దాటిన వేళకి ఫిలిప్ ప్లేటులో వేపుడు మాంసం పెట్టుకుని, ఆమెకి జాతీయ దినోత్సవ శుభాకాంక్షలు చెబుతున్నాడు. నేనూ అక్కడే, అదే వరసలో ఉన్నాను. మాంసం బాగుంది.

మర్నాడు పొద్దున ఆమె అభ్యంతరం వచ్చింది. గడువు దాటింది కాబట్టి నేను నిబంధన ప్రకారం ఒక్క మాటలో జవాబిచ్చాను: నమోదు చేసుకున్నాం. మా భాషలో దానర్థం, చదివి పక్కన పెట్టాం అని. ఆమె ఫోన్ చేసి, మిస్టర్ మూర్తీ, ఆ రోజు మా జాతీయ పండుగ అని మీకు తెలుసు కదా, అంది. తెలుసు మేడమ్, కానీ నిబంధనకి తెలియదు అన్నాను. నిజమే, నిబంధన మనుషుల్ని చూడదు, అని ఫోన్ పెట్టేసింది. నిబంధన పట్టుకుని వేలాడటమే నా ఉద్యోగం. అది లేకపోతే పెద్ద దేశాలు ఆ మాత్రం మర్యాద కూడా పాటించవు.

అధ్యక్షత వంతులవారీగా మారుతుంది. మరుసటి శరదృతువులో అది ఎస్తేర్ గారి దేశానికి వచ్చింది. నవంబర్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఆమె మా ఆఫీసుకి వచ్చి, కాఫీ తీసుకుని, ఒకే ప్రశ్న అడిగింది. థాంక్స్‌గివింగ్ మర్నాడు, శుక్రవారం, పనిదినమేనా? థాంక్స్‌గివింగ్ గురువారం ప్రభుత్వ సెలవు. మర్నాడు కాదు. కానీ అమెరికాలో ఆ శుక్రవారం ఆఫీసులో మనిషిని చూడాలంటే వెతుక్కోవాలి. సగం దేశం ప్రయాణాల్లో ఉంటుంది, మిగతా సగం తగ్గింపు ధరల కోసం దుకాణాల ముందు వరసల్లో. నేను ఆ వివరమంతా చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా. సెక్రటేరియట్‌లో, అంటే వేదిక కార్యాలయంలో, ఉద్యోగి అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి. ప్రభుత్వ సెలవుల్లో లేదు మేడమ్, కాబట్టి పనిదినమే అన్నాను. కాఫీ బాగుందంది. మా ఆఫీసు కాఫీని మెచ్చుకున్న మనిషిని అంతకుముందు చూడలేదు.

థాంక్స్‌గివింగ్‌కి ముందువారం గురువారం మధ్యాహ్నం పాఠం అందరికీ వెళ్ళింది. ఆమె దొంగచాటుగా ఏమీ చేయలేదు. మరమ్మతు వాక్యాన్ని తిరిగి చేర్చామని మొదటి పేజీలోనే బొద్దు అక్షరాల్లో రాయించింది. గడువు వచ్చే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు అని దాని కిందే ఉంది. బ్రాకెట్లు లేవు. ధనిక బృందాలన్నీ అది అందినట్టు జవాబిచ్చాయి. ఎవరూ తెరవలేదు. శుక్రవారం ఎలాగూ ఫోన్లు మోగవు, ఇంటి నుంచి పని, ప్రశాంతంగా చదువుకోవచ్చని ప్రతివాళ్ళూ దాన్ని ఆ రోజుకి దాచుకున్నారు. ఈ సంగతి నాకు తరువాత ఒక్కొక్కరూ విడివిడిగా, తమకొక్కరికే జరిగినట్టు చెప్పారు.

ఆ వారం నేనూ నా భార్య సుభద్రా అల్ఫారెట్టాలో ఉన్నాం. ఆమె చెల్లెలి కొడుకు కిరణ్ ఇల్లు అక్కడ. వాడూ స్నేహితులూ కలిసి ఆచారం తప్పకూడదని టర్కీ కోడిని కొన్నారు. వండటం ఎవరికీ రాదు. చివరికి బిర్యానీ మసాలా పట్టించి ఓవెన్‌లోకి తోశారు. అది శుక్రవారం పొద్దుటికి కూడా మిగిలే ఉంది. నేను డైనింగ్ టేబుల్ మీద ఆఫీసు లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. మౌనం భగ్నమైతే తెలియజేయడం, కాకపోతే ప్రకటించడం నా విధి. ఇన్‌బాక్స్‌లోకి వస్తున్నవన్నీ ఆటోమేటిక్ జవాబులే. ప్రయాణంలో ఉన్నాను, ఈమెయిల్ ఆలస్యంగా చూస్తాను. ఈ ఒక్క విషయంలో భాగస్వాములందరి వైఖరీ ఒకటే.

కిరణ్ ఇడ్లీ ప్లేటుతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "హాలిడే వీకెండ్‌లో కూడా లాగిన్ అయ్యారేంటి పెదనాన్నా? మా దగ్గరైతే ఈ వీక్ అంతా కోడ్ ఫ్రీజ్. ఎవ్వరూ ప్రొడక్షన్ టచ్ చేయరు. రివ్యూ చేయడానికి మనుషులే ఉండరు కదా."

మా దగ్గర రివ్యూ చేయకపోతే ఒప్పుకున్నట్టని చెప్పాను. వాడు ఇడ్లీ నమలడం ఆపేశాడు. "అంటే ఎవరూ చూడకపోతే ఆటోమేటిక్‌గా మెర్జ్ అయి మెయిన్ కోడ్‌లో కలిసిపోతుందా? అసలు ఇది ఎవరు డిజైన్ చేశారు?"

"దేశాలు ఇట్లనే నడుస్తయా అంకుల్?" అన్నాడు వాడి స్నేహితుడు శ్రీకాంత్, సోఫాలోంచి. వరంగల్ అబ్బాయి. "మా టీంల గిట్ల జేస్తే మేనేజర్ ఆ రోజే ఫైర్ చేస్తడు."

గడువుకి కొద్దిసేపుందనగా నా ఫోన్ మోగింది. ఫిలిప్. వెనక నుంచి పెద్ద హోరు, టీవీలు కొనేవాళ్ళు ఏ వరసలో నిలబడాలో మైకులో చెబుతున్నారు. ఆయన ఫోన్‌లో పాఠం మొదటి పేజీ అప్పుడే చూశాడట. మూర్తీ, దీన్ని మా అభ్యంతరంగా రాసుకోండి అన్నాడు. రాతపూర్వకంగా, అధికారిక ఈమెయిల్ నుంచి రావాలి సర్, అన్నాను. అధికారిక లాప్‌టాప్ ఇంట్లో ఉందన్నాడు. ఇల్లు ఎంత దూరమని అడిగాను. దగ్గరేనట, బయల్దేరితే అందుకోవచ్చట. కానీ అప్పుడు వరసలో చోటు పోతుంది. తెల్లవారకముందు నుంచీ నిలబడ్డాడట. ఇంకెవరైనా అభ్యంతరం పంపారా అని అడిగాడు. గడువు ముగిసేదాకా సెక్రటేరియట్ అది బయటపెట్టకూడదు. అదే చెప్పాను. ఫిలిప్ కాసేపు ఆలోచించి, ఎవరో ఒకరు పంపకుండా ఉంటారా, పంపే ఉంటారు, అని తనకి తనే ధైర్యం చెప్పుకుని ఫోన్ పెట్టేశాడు.

సుభద్ర వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింది. "మీరు చెప్పేయకూడదూ, ఎవరూ పంపలేదని? పాపం, అడుగుతున్నాడుగా." చెప్పకూడదన్నాను. "మీకు చెప్పాలని లేదు. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె అన్నది నిజమే. నాకు చెప్పాలని లేదు. చెప్పకపోవడం నా విధి కూడా కావడం నా అదృష్టం. ఉద్యోగంలో ఈ రెండూ కలిసిన రోజులు నాకు ఎక్కువ లేవు. ఆ కాసేపూ ఇన్‌బాక్స్ వైపు చూస్తూ, ఎవరూ రాయకూడదని దేవుడికి మొక్కుకున్నాను. తటస్థ అధికారి మొక్కుకోకూడదని ఏ నిబంధనలోనూ లేదు.

పన్నెండయింది. ఎవరూ రాయలేదు. మౌనం భగ్నం కాలేదు, పాఠం ఆమోదం పొందింది, అని అందరికీ పంపాను. చాలా సంతోషం వేసింది. మళ్ళీ ఆటోమేటిక్ జవాబులు వరసగా వచ్చి పడ్డాయి. వాటి మధ్య ఒక్కటే మనిషి రాసిన జవాబు, ఎస్తేర్ గారిది: నమోదు చేసుకున్నాం. నేను గట్టిగా నవ్వాను. కిరణ్ కంగారుపడి ఏమైంది పెదనాన్నా అన్నాడు. మెర్జ్ అయిందన్నాను.

సోమవారం అత్యవసర సమావేశం. ధనిక బృందాలన్నీ తమ న్యాయసలహాదారులతో సహా వేళకే వచ్చాయి. అది ఆ వేదిక చరిత్రలో మొదటిసారి అయుండాలి. ఆ శుక్రవారం నిజమైన పనిదినం కాదని, కాబట్టి గడువు చెల్లదని ఫిలిప్ మొదలుపెట్టాడు. అధ్యక్షస్థానంలో ఉన్న ఎస్తేర్ గారు ఓపిగ్గా అంతా విన్నది. తరువాత ఎంతో మృదువుగా అంది: ఆ రోజు మీ కార్యాలయాల్లో ఎవరూ పనిచేయలేదని లిఖితపూర్వకంగా ఇస్తే, అధ్యక్ష హోదాలో తప్పక పరిశీలిస్తాను.

బయటివాళ్ళకి ఈ మెలిక అర్థం కాదు కాబట్టి చెబుతాను. ఆ శుక్రవారం అక్కడున్న ప్రతి ప్రతినిధీ ఇంటి నుంచి పనిచేసినట్టు తన ఆఫీసుకి రాసిచ్చుకుని జీతం తీసుకున్నాడు. ప్రతి ఏడూ చేసే పనే అది. పనిచేయలేదంటే ఆ రాసిచ్చిన మాట అబద్ధమవుతుంది. పనిచేశామంటే పాఠం ఎందుకు చదవలేదన్న ప్రశ్న వస్తుంది. ఒక న్యాయసలహాదారు ఫిలిప్ చెవిలో ఏదో చెప్పాడు. ఫిలిప్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, తమ బృందం ఈ చరిత్రాత్మక ఏకాభిప్రాయాన్ని స్వాగతిస్తోందన్నాడు. నేను రాసుకున్నాను.

ఆ వారంలోనే ఒక్కో ధనిక దేశం విడివిడిగా పత్రికా ప్రకటన ఇచ్చింది. మరమ్మతుకి ప్రాధాన్యం ఇవ్వాలన్నది మొదటి నుంచీ తమ ఆలోచనేనని ప్రతి ప్రకటనలోనూ ఉంది. వాటిలో రెంటిని సరిదిద్దమని నాకే పంపారు. సరిదిద్దాను.

షెడ్డుకి తాళం పడలేదు. విడిభాగాలు చేరాయి. మరమ్మతు మీద పలక ఎక్కడ పెట్టాలన్న చర్చ మాత్రం వేదికలో ఆ చలికాలమంతా నడిచింది. చివరికి అందరి పలకలూ షెడ్డు ముందు గోడకే బిగించారు. ఆ గోడకి ఉన్న కిటికీ మూసేయవలసి వచ్చింది. ఎస్తేర్ గారి తల్లి ఊళ్ళో రెండు పంపులు మళ్ళీ పనిచేస్తున్నాయి. గట్టు ఎప్పుడూ తడిగా ఉంటోందనీ, మొక్కజొన్న ఆరబోయడానికి చోటు లేదనీ ఆ పెద్దావిడ కూతురికి ఫోన్‌లో ఫిర్యాదు చేసిందట. ఈ మాట నాకు చెబుతూ ఎస్తేర్ గారు నవ్వింది, ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది.

మరుసటి ఏడాది అధ్యక్షత మళ్ళీ ధనిక దేశాలకి వెళ్ళింది. ఫిలిప్ చేసిన మొదటి పని నిబంధనకి సవరణ తేవడం. ఇకమీదట థాంక్స్‌గివింగ్ మర్నాడు పనిదినం కాదు. ఆఫ్రికా దేశాల పండుగల ప్రస్తావన అందులో లేదు. సవరణని కూడా సైలెన్స్ ప్రొసీజర్ కిందే పంపాడు. గడువు ముగిసేది మళ్ళీ ఎస్తేర్ గారి దేశపు స్వాతంత్ర్య దినోత్సవం నాడే. కావాలని చేశాడో, పాత అలవాటు చొప్పున అలా పడిందో నాకు తెలియదు. ఆయన ఆ రోజు ఎంబసీ విందుకి మాత్రం వచ్చాడు. ప్లేటు పట్టుకుని గుమ్మం వైపూ హాలు వైపూ చాలాసేపు వెతికాడు. అతిథుల్ని ఆహ్వానిస్తున్నది ఇంకెవరో. ఎస్తేర్ గారు పై అంతస్తులో, పట్టుబట్టలతోనే, తన కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తెరుచుకుని ఉంది. సభ్యదేశాలన్నిటి జాతీయ పండుగలనూ చేర్చేదాకా సవరణకి అభ్యంతరమని ఆమె రాసిన ఈమెయిల్ గడువు లోపలే నాకు అందింది.

నేను రిటైరయ్యే నాటికి ఆ సవరణ మొత్తం బ్రాకెట్లలోనే ఉంది. దౌత్యంలోకి వచ్చే కుర్రవాళ్ళకి బలమైన వాదనే గెలుస్తుందని చెబుతారు. నేను చూసినంతలో ఎస్తేర్ గారి వాదన మొదటిసారి ఎంత బలంగా ఉందో రెండోసారీ అంతే ఉంది. తేడా అల్లా, గడువు ముగిసే వేళకి ఎవరు తమ కుర్చీలో ఉన్నారన్నదే.